వేటకు లాబ్రడార్: రంగు చూడాలా, రక్తం చూడాలా?



అమెరికాలో బాతుల వేట సీజన్ దగ్గరపడుతోంది. ఇక్కడి మన తెలుగువాళ్లలో వేటకు వెళ్లేవాళ్లు మరీ ఎక్కువమంది లేరు. కానీ ఇక్కడే పుట్టి పెరిగిన పిల్లల సంగతి వేరు. మిన్నెసోటాలోనో, నార్త్ డకోటాలోనో చదువుకుంటారు. స్నేహితులతో కలిసి తెల్లవారకముందే చెరువు గట్టుకు చేరతారు. ఇంటికొచ్చాక వాళ్లు అడిగేది తుపాకీ కాదు. కుక్కపిల్లను అడుగుతారు. అదీ చాలామటుకు లాబ్రడారే.

అక్కడ మొదలవుతుంది చర్చ. ఏ రంగుది తీసుకోవాలి? నల్లదా, పసుపుదా, చాక్లెట్ రంగుదా? వేటగాళ్ల మధ్య ఒక మాట చాలాకాలంగా తిరుగుతోంది. నల్లది వేటకట. పసుపుది ఇంటికట. చాక్లెట్‌ది మొండిదట. ఈ మాటలో నిజమెంత? ఈరోజు ఆ సంగతే మాట్లాడుకుందాం.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మధ్యలో మళ్లీ చెబుతాను. రేడియో కదా, పేజీ వెనక్కి తిప్పుకోవడం కుదరదు. రంగు వల్ల వేట కుక్క చెడదు. రంగు కోసమే పెంచితే చెడుతుంది. మొదటి వాక్యం చాలామంది చెబుతారు. రెండోది అంతగా చెప్పరు. అసలు కిటుకు రెండోదాంట్లోనే ఉంది.

ఇండియాలో వింటున్నవాళ్లకు ఒక్క మాట. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. దాని ప్రకారం ఇప్పుడు అక్కడ అడవి బాతుల్ని వేటాడటం నేరం. అక్కడ లాబ్రడార్ ఇంటి కుక్క, పోలీసు కుక్క. కాబట్టి నేను చెప్పే వేటంతా లైసెన్సు తీసుకుని, సీజన్లో, లెక్క ప్రకారం ఇక్కడ చేసే వేట అనుకోండి. కుక్కపిల్లను ఎంచుకునే పద్ధతి మాత్రం అక్కడైనా, ఇక్కడైనా ఒకటే.

జంతువును రంగు చూసి ఎంచుకోవడం మనకేమీ కొత్త కాదు. గోదావరి జిల్లాలవాళ్లు ఈపాటికి నవ్వుకుంటూ ఉంటారు. సంక్రాంతికి భీమవరం వైపు కోడిపందేల బరిలో ఏం జరుగుతుంది? చట్టం వద్దంటుంది. పందెం మాత్రం ఆగదు. పందెం రాయుడి చేతిలో కుక్కుట శాస్త్రం ఉంటుంది. కాకి, డేగ, నెమలి, సేతువ, పింగళ. అన్నీ ఈకల రంగును బట్టి పెట్టిన పేర్లే. ఈరోజు డేగది పైచేయి అంటాడు. ఈ పూట కాకికి బలం లేదంటాడు. భోగినాడు ఒక రంగు, కనుమనాడు ఒక రంగు. సరే, బాగుంది. కానీ అదే రాయుణ్ణి పందేనికి ఆరు నెలల ముందు చూడండి. పుంజును ఎక్కడ కొంటున్నాడు? దాని తండ్రి ఎన్ని పందేలు గెలిచిందో అడుగుతున్నాడు. కాళ్లు పట్టుకుని చూస్తున్నాడు. ఎత్తు, బరువు, ఎగురు చూస్తున్నాడు. జీడిపప్పు, బాదంపప్పు పెట్టి మేపుతున్నాడు. ఈత కొట్టించి దమ్ము పెంచుతున్నాడు. అంటే డబ్బు పెట్టేటప్పుడు జాతి చూస్తాడు, తర్ఫీదు చూస్తాడు. రంగు మాట మాట్లాడేది బరిలో దిగే రోజున. లాబ్రడార్ కొనేవాళ్లు మాత్రం రంగు మాట మొదటి రోజే ఎత్తుతున్నారు. మన పందెం రాయుడికున్న తెలివి మనకెందుకు ఉండకూడదు?

ఇప్పుడు ఆ రంగు ఎక్కణ్ణుంచి వస్తుందో చూద్దాం. భయపడకండి, తేలికే. లాబ్రడార్ రంగును ముఖ్యంగా రెండు జన్యువులు తేలుస్తాయి. మొదటి జన్యువు, రంగు పదార్థం నల్లగా తయారవ్వాలా, గోధుమగా తయారవ్వాలా అన్నది చెబుతుంది. రెండో జన్యువు, ఆ రంగు వెంట్రుకలోకి దిగాలా వద్దా అన్నది చెబుతుంది. దిగితే కుక్క నల్లగానో, చాక్లెట్ రంగులోనో ఉంటుంది. దిగకపోతే పసుపు. అంటే ప్రతి పసుపు లాబ్రడారూ లోపల నల్లదో, చాక్లెట్‌దో అన్నమాట. నమ్మకం లేకపోతే ముక్కు చూడండి. ముక్కు, కంటి రెప్పల అంచు నల్లగా ఉంటే లోపల ఉన్నది నలుపు. గోధుమగా ఉంటే చాక్లెట్. చలికాలంలో కొన్నిటికి నల్లముక్కు కాస్త వెలిసిపోతుంది. దానికి కంగారు పడొద్దు.

అందుకే రెండు నల్ల కుక్కలకు ఒకే ఈతలో మూడు రంగుల పిల్లలూ పుట్టొచ్చు. రెండు పసుపు కుక్కలకు మాత్రం అన్నీ పసుపు పిల్లలే పుడతాయి. ఆ పసుపులోనూ మీగడ రంగు నుంచి నక్క ఎరుపు దాకా ఛాయలుంటాయి. ఎరుపుగా ఉన్నవాటిని ఫాక్స్ రెడ్ అంటూ ప్రత్యేకంగా అమ్ముతారు. రిజిస్ట్రేషన్ కాగితంలో అవి కూడా పసుపే.

ఇప్పుడు ఒకే ఈతలో పుట్టిన మూడు రంగుల పిల్లల్ని ఊహించుకోండి. ఒకే తల్లి, ఒకే తండ్రి. ఒకే పాలు. వాటిలో నల్లదానికి మాత్రమే ముక్కు పదునుగా ఉంటుందా? నల్లదానికి మాత్రమే నీళ్లంటే ఇష్టం ఉంటుందా? ఆ రెండు జన్యువులు చేసే పని రంగు వరకే. వాసన పట్టడం, పడిన పక్షిని గుర్తుపెట్టుకోవడం, యజమాని మాట వినడం వేరే చోట తేలతాయి. అవి వంశం నుంచి వస్తాయి, తర్ఫీదు నుంచి వస్తాయి.

మరి నల్లవే గెలుస్తాయన్న పేరు ఎందుకొచ్చింది? దీనికి చరిత్ర ఉంది. లాబ్రడార్ల మూలం కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్. అక్కడి జాలర్ల దగ్గర సెయింట్ జాన్స్ కుక్కలని ఉండేవి. నల్లవి, రొమ్ము మీదా పాదాల మీదా కాస్త తెలుపు. వలల దగ్గరా, పడవల దగ్గరా పనిచేసేవి. 19వ శతాబ్దంలో చేపల ఓడల్లో ఇంగ్లండ్‌లోని పూల్ రేవుకు చేరాయి. మామ్స్‌బరీ ప్రభువులు వాటిని బాతుల వేటకు పెంచారు. 1880ల్లో ఆ కుక్కల్లో కొన్ని స్కాట్లాండ్‌లోని బక్లూ ప్రభువుల చేతికి వచ్చాయి. ఇవాళ్టి లాబ్రడార్లకు పునాది ఆ వంశమే. వాళ్లందరికీ నల్లవే ముద్దు. పసుపు పిల్లో, గోధుమ పిల్లో పుడితే పనికిరాదని పక్కన పెట్టేసేవారు. చాలాచోట్ల బతకనిచ్చేవారు కూడా కాదు. రికార్డుకెక్కిన మొదటి పసుపు లాబ్రడార్ పేరు బెన్ ఆఫ్ హైడ్. అది పుట్టింది 1899లో. బ్రిటన్‌లోని కెన్నెల్ క్లబ్ 1903లో లాబ్రడార్‌ను ప్రత్యేక జాతిగా గుర్తించింది. అంటే మిగతా రంగులు పోటీలోకి వచ్చేసరికే నల్లవాటికి తరతరాల ముందంజ దొరికేసింది.

అమెరికాలోనూ అంతే. కింగ్ బక్ అని ఒక లాబ్రడార్ ఉండేది. నల్లది. వేట కుక్కల పోటీల్లో 1952లో, 1953లో వరసగా జాతీయ ఛాంపియన్ అయింది. ఇక్కడ బాతుల వేటకు వెళ్లేవాళ్లు ఏటా డక్ స్టాంప్ కొనాలి. ఆ డబ్బుతో చిత్తడి నేలల్ని కాపాడతారు. 1959లో వచ్చిన స్టాంపు మీద బాతుకు బదులు కుక్క బొమ్మ పెద్దగా వేశారు. నోట్లో మల్లార్డ్ బాతును పట్టుకున్న కింగ్ బక్ అది. ఒక నల్ల కుక్క దేశమంతా వేటగాళ్ల జేబుల్లో తిరిగింది. ఇక నల్లదే వేట కుక్క అని జనం అనుకోరా మరి?

ఇక్కడ లెక్క జాగ్రత్తగా వేయాలి. పోటీలో నల్లవి ఎక్కువ దిగుతాయి. కాబట్టి నల్లవి ఎక్కువ గెలుస్తాయి. గెలిచినవాటికే పిల్లలు ఎక్కువ. ఆ పిల్లల్లోనూ నల్లవే ఎక్కువ. మంచి వంశం నల్లటి ఒంటి మీద ఎక్కువ కనిపిస్తోంది. కానీ దాన్ని తెచ్చింది నలుపు కాదు.

ఇక రెండో వాక్యం దగ్గరికి వద్దాం. రంగు కోసమే పెంచితే చెడుతుందని అన్నాను. దానికి కొంత ఆధారం ఉంది.

2018లో ఒక పరిశోధన వెలువడింది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ విశ్వవిద్యాలయంవాళ్లు, లండన్‌లోని రాయల్ వెటర్నరీ కాలేజీవాళ్లు కలిసి చేశారు. బ్రిటన్‌లో పశువైద్యుల దగ్గరున్న 33 వేలకు పైగా లాబ్రడార్ల రికార్డులు తీశారు. నలుపు, పసుపు కుక్కల మధ్యస్థ ఆయుర్దాయం 12.1 ఏళ్లు. చాక్లెట్‌వాటికి 10.7 ఏళ్లు. మళ్లీ చెబుతున్నాను. 12.1, 10.7. దాదాపు ఏడాదిన్నర తేడా. చెవి వాపులు, చర్మ వ్యాధులు కూడా చాక్లెట్‌వాటిలోనే ఎక్కువ.

ఇది వినగానే చాక్లెట్ రంగులోనే ఏదో విషం ఉందనుకుంటాం. పరిశోధకులు చెప్పిన కారణం వేరు. చాక్లెట్ పిల్ల పుట్టాలంటే తల్లీ తండ్రీ ఇద్దరి దగ్గరా ఆ జన్యువు ఉండాలి. అదే రంగు కావాలని పెంపకందారు పట్టుబడితే, ఆ జన్యువున్న కుక్కల్నే వెతికి జత కడతాడు. జత కట్టే కుక్కల సంఖ్య తగ్గిపోతుంది. అవే వంశాలు మళ్లీ మళ్లీ కలుస్తాయి. చెవి జబ్బు, చర్మం జబ్బు ఆ దారిలో పోగుపడొచ్చు. తప్పు రంగుది కాదు, రంగు వెంట పడ్డ మనిషిది.

స్వభావం మీద కూడా ఒక అధ్యయనం ఉంది. 2014లో, ఎడిన్‌బరో దగ్గరి రాస్లిన్ ఇన్‌స్టిట్యూట్ నుంచి. దాదాపు 2 వేల లాబ్రడార్ల యజమానుల్ని ప్రశ్నలడిగారు. చాక్లెట్ కుక్కలకు నేర్పడం కాస్త కష్టం, అవి త్వరగా ఉద్రేకపడతాయి అని తేలింది. వేటగాళ్ల పాత మాట నిజమైనట్టే అనిపిస్తుంది కదూ? కానీ అదే అధ్యయనంలో ఇంకో సంగతి ఉంది. ప్రదర్శన కుక్కలకంటే, ఇంటి కుక్కలకంటే, వేట పనిలో ఉన్న కుక్కలు మాట బాగా వింటాయి, వస్తువు తెచ్చివ్వడంలో చురుగ్గా ఉంటాయి. మొండితనం గురించి చెప్పేవాళ్లు ఈ రెండో సంగతిని వదిలేస్తారు. నన్నడిగితే చూడాల్సింది ఇదే. ఏ పని కోసం ఆ వంశాన్ని పెంచుతూ వచ్చారన్నది చూడాలి. వేట వంశంలో పుట్టిన చాక్లెట్ కుక్కకూ, అందాల పోటీల వంశంలో పుట్టిన నల్ల కుక్కకూ పోటీ పెడితే నేను చాక్లెట్ వైపే ఉంటాను.

రంగు కోసం పెంచడం ముదిరితే ఏమవుతుందో చూడాలంటే సిల్వర్ లాబ్రడార్ల ప్రకటనలు చూడండి. సిల్వర్, చార్‌కోల్, షాంపేన్. పేర్లు నగల దుకాణంలోలా ఉంటాయి. ధరలూ అలాగే. ఉన్న రంగును వెలసిపోయేలా చేసే ఇంకో జన్యువు వల్ల ఆ ఛాయలు వస్తాయి. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ప్రమాణం ఒప్పుకునేవి మూడే రంగులు. నలుపు, పసుపు, చాక్లెట్. వెలసిన రంగు కుక్కల్లో కొన్నిటికి పెద్దయ్యాక జుట్టు రాలిపోతుంది. ఎక్కువ డబ్బిచ్చి ఆ బాధ కొనుక్కోవడం ఎందుకు?

ఇంతవరకూ రంగు లెక్కలోకి రాదన్నట్టే మాట్లాడాను. వేటలో ఒక్కచోట మాత్రం కొంచెం వస్తుంది. బాతు కంటికి కనబడకుండా దాక్కోవడంలో.

బాతు కళ్లు మనకంటే మెరుగు. రంగులు మనకంటే ఎక్కువ పోల్చుకుంటాయి. ఆర్కన్సాలో స్టట్‌గార్ట్ చుట్టుపక్కల నీళ్లు నిండిన అడవుల్లో వేటాడతారు. చెట్ల నీడ, నల్లటి నీళ్లు. అక్కడ నల్ల కుక్క కనబడదు. పసుపు కుక్క తెల్లగా మెరుస్తుంది. అదే నార్త్ డకోటాలో కోత అయిన గోధుమ చేలో చూడండి. కొయ్యకాళ్ల మధ్య పసుపు కుక్క కలిసిపోతుంది. నల్లది దిష్టిచుక్కలా కనిపిస్తుంది. ఎండిన జమ్ము మధ్య చాక్లెట్‌ది బాగా దాక్కుంటుంది. ఇదంతా నిజమే. అయితే దీనికి మందు చాలా చవక. ఆకుల రంగు చొక్కా ఒకటి తొడగండి. లేదా కుక్క కోసం అమ్మే చిన్న గుడారంలో కూర్చోబెట్టండి. పని అయిపోతుంది.

కానీ కదిలే కుక్కను ఏ చొక్కా దాచలేదు. బాతులు చెరువు మీద ఒక చుట్టు తిరుగుతాయి. కింద ఏదైనా కదిలిందా అని చూస్తాయి. ఆ అర నిమిషం కుక్క రాయిలా కూర్చోవాలి. తోక కూడా ఆడించకూడదు. అలా కూర్చునే పసుపు కుక్క అడవిలో పనికొస్తుంది. మూలుగుతూ అటూ ఇటూ తిరిగే నల్ల కుక్క పనికిరాదు. కూర్చోవడం నేర్పొచ్చు. రంగు మార్చలేం, మార్చాల్సిన పనీ లేదు.

ఇంకో విషయం కూడా గమనించండి. సౌత్ డకోటాలో ఫెజెంట్ పక్షుల వేటకు వెళ్తే కుక్క దాక్కోవడం మంచిది కాదు. పండిన గడ్డిలో పసుపు కుక్క మాయమైపోతుంది. పక్కన తుపాకులు పేలుతుంటాయి. అక్కడ ఏ రంగు కుక్కకైనా నారింజ రంగు చొక్కా, నారింజ రంగు పట్టీ తప్పనిసరిగా వేయండి. టెక్సాస్‌లోనో, ఓక్లహోమాలోనో సెప్టెంబరు ఎండలో గువ్వల వేటకు వెళ్తే నీళ్లు మోసుకెళ్లండి. నల్ల ఒంటికి ఎండ వేడి ఎక్కువ పడుతుంది, నిజమే. కానీ పరిగెత్తే కుక్కకు అసలు వేడి లోపల కండల్లో పుడుతుంది. పసుపుది కదా అని నీడ చూపకుండా పరిగెత్తిస్తే అదీ పడిపోతుంది.

సరే, మరి ఏం చూడాలి? మొన్న టెక్సాస్ నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. మా ఊరి వాడే. "బాబాయ్, మంచి చాక్లెట్ పిల్ల ఎక్కడ దొరుకుతుంది?" అన్నాడు. "రంగు సంగతి తర్వాత చూద్దాంలేరా, ముందు దాని తల్లి ఏం చేస్తుందో అడిగావా?" అన్నాను. "తల్లి ఏం చేస్తుంది బాబాయ్, పిల్లల్ని పెడుతుంది" అన్నాడు. తప్పు వాడిది కాదు. పిల్లల ఫొటోలు చూశాక తల్లి సంగతి ఎవరికి గుర్తుంటుంది?

తల్లీ తండ్రీ పని చేసిన కుక్కలేనా? మొదటి ప్రశ్న అది. అమెరికన్ కెన్నెల్ క్లబ్ వేట పరీక్షలు పెడుతుంది. జూనియర్ హంటర్, సీనియర్ హంటర్, మాస్టర్ హంటర్ అని మెట్లుంటాయి. మాస్టర్ హంటర్ కావాలంటే ఏం చేయాలో వినండి. రెండు మూడు పక్షులు వేర్వేరు చోట్ల పడితే, ఏది ఎక్కడ పడిందో గుర్తుపెట్టుకుని ఒక్కొక్కటే తేవాలి. తాను చూడని పక్షి కోసం దూరంగా పరిగెత్తాలి. ఈల వినబడగానే ఆగి, వెనక్కి తిరిగి, యజమాని చెయ్యి ఎటు చూపితే అటు పోవాలి. ఇంకో కుక్క పక్షి కోసం దూకుతుంటే తాను కదలకుండా చూస్తూ కూర్చోవాలి. ఇదే అన్నిటికంటే కష్టం. తెచ్చిన పక్షి మీద పంటిగాటు పడకూడదు. తల్లీ తండ్రీ ఇద్దరికీ ఇలాంటి బిరుదులుంటే పిల్లకు ఆ గుణం వచ్చే అవకాశం బాగా పెరుగుతుంది. వీలైతే ఆ తల్లి పనిచేయడం కళ్లారా చూడండి. ఏడు వారాల పిల్లను చూసి అంతగా తెలియదు. నాలుగేళ్ల తల్లిని చూస్తే చాలా తెలుస్తుంది.

తర్వాత కాగితాలు. తుంటి కీళ్లు, మోచేతి కీళ్లు పరీక్ష చేయించారా? తుంటికి తుది సర్టిఫికెట్ రెండేళ్లు నిండాకే ఇస్తారు. రెండేళ్లు నిండని కుక్కకు అప్పుడే పిల్లల్ని పెట్టిస్తే తొందర ఎందుకో అడగండి. కళ్ల పరీక్ష ఉందా? ఇక వేట కుక్కకు మరీ ముఖ్యమైన పరీక్ష ఇంకొకటుంది. కొన్ని లాబ్రడార్లు గట్టిగా పరిగెత్తిన కొద్ది నిమిషాలకే వెనక కాళ్లు పట్టుతప్పి కూలబడతాయి. ఎక్కువ శాతం తేరుకుంటాయి. కొన్ని తేరుకోవు. దీనికి కారణమైన జన్యువును 2008లో మిన్నెసోటా విశ్వవిద్యాలయం పరిశోధకులు పట్టుకున్నారు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండూ వస్తేనే ప్రమాదం. తల్లిదండ్రుల్లో ఒక్కరైనా ఆ జన్యువు లేనివారైతే చాలు, పిల్ల కూలబడదు. చిన్న డీఎన్ఏ పరీక్ష సరిపోతుంది. ఆ పరీక్ష చేయించని పెంపకందారు దగ్గర ఎంత మెరిసే పిల్ల ఉన్నా వద్దనండి. నీళ్ల మధ్యలో కుక్క కూలబడితే దాని రంగు ఏదైతేనేం?

మన ఇళ్ల సంగతి కూడా ఒక మాట. ఛాంపియన్ల పిల్ల కదా అని తెచ్చి అపార్టుమెంటులో పెట్టి, భార్యాభర్తలిద్దరూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఆఫీసులో ఉంటే సోఫా మిగలదు. వేట పోటీల వంశం కుక్కకు రోజూ పని కావాలి. ఏడాదిలో నాలుగు శనివారాలు వేటకు వెళ్లే ఇంటికి మాస్టర్ హంటర్ వంశంలో నెమ్మదైన తల్లి పిల్ల చాలు. ఛాంపియన్‌షిప్‌ల కోసం పెంచిన మెరుపుతీగ అక్కర్లేదు. ఇది కూడా తల్లిని చూస్తేనే తెలుస్తుంది.

ఇవన్నీ చూశాక రెండు మూడు పిల్లలు సమానంగా కనిపిస్తే అప్పుడు మీకు నచ్చిన రంగు తీసుకోండి. అందులో తప్పేం లేదు. పదీ పన్నెండేళ్లు కళ్ల ముందు తిరిగే ప్రాణి కదా, కంటికి నచ్చాలి.

చివరిగా బేరం సంగతి. పిల్లలు పుట్టకముందే అడ్వాన్సు కట్టి వరసలో ఉండాలి. ఆ వరసలో చాలామంది చాక్లెట్ కావాలనో, ఫాక్స్ రెడ్ కావాలనో రాసుకుంటారు. "నాకు ఏ రంగైనా పరవాలేదు, ఆడపిల్ల కావాలి, తల్లి గుణం రావాలి" అని మీరు రాశారనుకోండి. మీ కంటే ముందున్నవాళ్లు రంగు కోసం ఆగిపోతారు. మీ వంతు ముందే రావొచ్చు. పెంపకందారుకూ మీరెలాంటి మనిషో తెలుస్తుంది. ఆ మాటను అడ్వాన్సుతో పాటు కాగితం మీద రాయించుకోండి, డీఎన్ఏ ఫలితాల నకలు కూడా అప్పుడే అడగండి.